ప్రోటాన్లు, వేలన్సీ ఎలక్ట్రాన్ల సాయంతో మూలకాన్ని గుర్తించడం ఎలా?

గ్యాస్ పొయ్యి మీద ఉప్పు వేసిన చారు పొంగి బర్నరు మీద పడినప్పుడు నీలి మంట ఒక్కసారిగా పసుపు రంగుకు తిరగడం చాలామంది చూసే ఉంటారు. ఆ పసుపు రంగు ఉప్పులోని సోడియానిది. ఇంకా సూటిగా చెప్పాలంటే, సోడియం పరమాణువు వెలుపలి కక్ష్యలో ఉన్న ఒకే ఒక్క ఎలక్ట్రానుది. అయితే ఆ పరమాణువు సోడియం కావడానికి కారణం ఆ ఎలక్ట్రాను కాదు, కేంద్రకంలోని 11 ప్రోటాన్లు. మూలకం పేరును తేల్చేవి ప్రోటాన్లు. అది ఏ కుటుంబానికి చెందినదో, దేనితో ఎలా కలుస్తుందో చెప్పేవి వేలన్సీ ఎలక్ట్రాన్లు, అంటే అట్టచివరి కక్ష్యలోని ఎలక్ట్రాన్లు. లెక్కలు తప్పేది ఎక్కువగా ఈ రెండింటినీ కలగలిపినప్పుడే.

మొదటి మెట్టు: ప్రోటాన్ల సంఖ్యను తేల్చుకోండి

ప్రోటాన్ల సంఖ్యనే పరమాణు సంఖ్య అంటారు. ప్రశ్నలో అది నేరుగా ఇస్తే ఆవర్తన పట్టికలో ఆ అంకె ఉన్న గడిని చూడటమే తరువాయి: 6 అయితే కార్బన్, 26 అయితే ఇనుము, 79 అయితే బంగారం. నేరుగా ఇవ్వకుండా ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం), న్యూట్రాన్ల సంఖ్య ఇస్తే మొదటిదాని నుంచి రెండవదాన్ని తీసివేయాలి. ద్రవ్యరాశి సంఖ్య 35, న్యూట్రాన్లు 18 అయితే ప్రోటాన్లు 17, అంటే క్లోరిన్. ద్రవ్యరాశి సంఖ్య 37, న్యూట్రాన్లు 20 అయినా వచ్చేది 17 కనుక అదీ క్లోరినే. ఈ రెండూ దాని ఐసోటోపులు, అంటే న్యూట్రాన్ల సంఖ్యలో మాత్రమే తేడా ఉన్న రూపాలు.

బరువును బట్టి మూలకాన్ని ఎందుకు గుర్తించకూడదన్న సందేహం సహజమే. 1869లో మెండలీవ్ తన పట్టికను ప్రధానంగా పరమాణు భారాల క్రమంలోనే పేర్చాడు. కానీ 1894లో కనుగొన్న ఆర్గాన్ భారం 39.95 కాగా పొటాషియం భారం 39.10 మాత్రమే. భారాన్నే నమ్ముకుంటే, నీటిలో వేయగానే భగ్గుమనే పొటాషియం జడవాయువుల వరుసలోకి వెళ్లిపోతుంది. 1913లో హెన్రీ మోస్లీ వేర్వేరు మూలకాలు వెలువరించే ఎక్స్ కిరణాలను కొలిచి, వాటి పౌనఃపున్యపు వర్గమూలం పరమాణు సంఖ్యతోపాటు క్రమంగా పెరుగుతుందని చూపడంతో ఆర్గాన్ 18వ స్థానంలో, పొటాషియం 19వ స్థానంలో స్థిరపడ్డాయి.

రెండవ మెట్టు: ఆవేశం ఉందేమో చూడండి

తటస్థ పరమాణువులో ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు సమానం. ఎలక్ట్రాన్లను కోల్పోయిన లేదా అదనంగా పొందిన అయానులో అలా ఉండవు. సోడియం అయానులో 10 ఎలక్ట్రాన్లే ఉంటాయి, ఫ్లోరైడ్ అయానులోనూ 10 ఉంటాయి, నియాన్ పరమాణువులోనూ 10 ఉంటాయి. అంతమాత్రాన మూడూ నియాన్ కావు. ప్రోటాన్లు వరుసగా 11, 9, 10. ఎలక్ట్రాన్ల లెక్క మాత్రమే ఇచ్చి మూలకం పేరు అడిగితే, పరమాణువు తటస్థమో కాదో తెలియకుండా జవాబు రాయవద్దు.

మూడవ మెట్టు: ఎలక్ట్రాన్లను కక్ష్యల్లో సర్దండి

కక్ష్యలను పాఠ్యపుస్తకాల్లో కర్పరాలని కూడా అంటారు. మొదటి కక్ష్యలో 2, రెండవదానిలో 8, మూడవదానిలో 18 వరకు ఎలక్ట్రాన్లు పడతాయి. అయితే అట్టచివరి కక్ష్యలో 8కి మించి ఉండవు. అందువల్ల 19 ఎలక్ట్రాన్ల పొటాషియాన్ని 2, 8, 9 అని కాక 2, 8, 8, 1 అని రాయాలి. క్లోరిన్ 2, 8, 7. మెగ్నీషియం 2, 8, 2.

చివరి అంకె వేలన్సీ ఎలక్ట్రాన్ల సంఖ్య, మొత్తం కక్ష్యల సంఖ్య పీరియడు (పట్టికలోని అడ్డు వరుస). వేలన్సీ ఎలక్ట్రాన్లు 1 లేదా 2 అయితే అదే గ్రూపు (నిలువు వరుస) సంఖ్య. 3 నుంచి 8 వరకు అయితే దానికి 10 కలపాలి. క్లోరిన్‌కు మూడవ పీరియడు, 17వ గ్రూపు వస్తాయి. పట్టికలో ఆ గడిలో పరమాణు సంఖ్య 17 అని కనబడితే లెక్క సరిపోయినట్టే.

నాల్గవ మెట్టు: వెనక నుంచి ముందుకు రండి

కొన్ని ప్రశ్నల్లో ప్రోటాన్లు ఇవ్వరు. చివరి కక్ష్య ఎన్నవదో, అందులో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో మాత్రమే ఇస్తారు. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ చాలదు. చివరి కక్ష్యలో 6 ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌కూ ఉన్నాయి, గంధకానికీ ఉన్నాయి. మూడవ కక్ష్యలో 6 అంటేనే 2+8+6=16, గంధకం అని తేలుతుంది.

అసలు చిక్కు నాల్గవ కక్ష్యతో మొదలవుతుంది. నాల్గవ కక్ష్యలో 5 వేలన్సీ ఎలక్ట్రాన్లున్న మూలకం ఏదని అడిగితే, పొటాషియం, కాల్షియంల అలవాటులో 2, 8, 8, 5 అని రాసి 23 తెచ్చి వెనేడియం అనేవారే ఎక్కువ. 21 నుంచి 30 వరకు ఉన్న మూలకాల్లో కొత్త ఎలక్ట్రాన్లు ప్రధానంగా వెనుకనున్న మూడవ కక్ష్యలోకి చేరి దాన్ని 18కి నింపుతాయి. ఆ తరువాతే నాల్గవ కక్ష్యలో 3, 4, 5 వస్తాయి. కాబట్టి సరైన అమరిక 2, 8, 18, 5. మొత్తం 33, అంటే ఆర్సెనిక్. అనుమానం వస్తే గ్రూపు సంఖ్యతో సరిచూసుకోండి: 5కు 10 కలిపితే 15, అక్కడ నత్రజని, భాస్వరం కింద ఉన్నది ఆర్సెనిక్కే.

ఈ పద్ధతి పనిచేయని చోట్లు

పైన చెప్పిన 21 నుంచి 30 వరకు గల మూలకాలకు చివరి అంకెను చూసి గ్రూపు చెప్పకూడదు. ఇనుము అమరిక 2, 8, 14, 2. చివరి 2ను పట్టుకుని దాన్ని కాల్షియం పక్కన నిలబెడితే తప్పు. అది 8వ గ్రూపులో ఉంటుంది. ఇటువంటి పరివర్తన మూలకాల విషయంలో ప్రోటాన్లను చూసి పేరు చెప్పి ఆగిపోవడం మేలు.

రెండవది హీలియం. దానికి ఉన్నవి 2 ఎలక్ట్రాన్లే అయినా మొదటి కక్ష్య వాటితోనే నిండిపోతుంది కనుక దాన్ని మెగ్నీషియం గ్రూపులో కాక జడవాయువులతో 18వ గ్రూపులో ఉంచారు. ఈ మూలకం కథలో మన గుంటూరుకూ చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వేళ ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ అక్కడి నుంచే సూర్యుని అంచున లేచే జ్వాలల వర్ణపటాన్ని (కాంతి విడిపోయి ఏర్పడే రంగుల పట్టీని) పరిశీలించాడు. అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులో మరో ఖగోళ శాస్త్రజ్ఞుడు లాకియర్ ఆ జ్వాలల కాంతిలోని పసుపు గీతను పరీక్షించి, అది సోడియం గీతలకు అతి దగ్గరగా ఉన్నా వాటితో కలవడం లేదని గమనించాడు. సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల వద్ద ఉంటే ఇది, అంటే హీలియం గీత, 587.6 దగ్గర ఉంది. పొయ్యి మంటలో కనిపించేది 11 ప్రోటాన్ల పసుపు. సూర్యుని అంచున కనిపించినది 2 ప్రోటాన్ల పసుపు.