ఫోనెత్తడానికి జంకే పిల్లలకు మాట నేర్పడం ఎలా

తొమ్మిదో తరగతి చదివే పిల్ల రోజంతా వాట్సాప్‌లో మెసేజీలు పంపుతుంది గానీ, తెలియని నంబరు నుంచి ఫోను మోగితే అమ్మ చేతికి ఇచ్చేస్తుంది. తిరుపతిలో మా వీధి తల్లులు తరచుగా చెప్పుకునే ఫిర్యాదు ఇది. దీన్ని వట్టి సిగ్గు అనుకోకూడదు. టైపు చేసేటప్పుడు రాసి, చెరిపి, మళ్లీ రాసుకునే వీలుంటుంది. ఫోనులో నోరు జారితే ఆ వీలుండదు. ఆ జంకు హితబోధతో పోదు, పని అప్పజెబితేనే తగ్గుతుంది.

మొదట ఇంటివాళ్లతోనే మొదలుపెట్టండి. చిత్తూరు నుంచి అవ్వ బస్సులో వస్తున్నదనుకుందాం. సుమారు 70 కిలోమీటర్ల దారి. ఆమెను తీసుకురావడానికి బస్టాండుకు ఎప్పుడు వెళ్లాలో కనుక్కునే బాధ్యత పిల్లవాడికే ఇవ్వండి. వాడు "ఎక్కడుండావు అవ్వా?" అని అడిగి, "వస్తా ఉండా" అన్న జవాబు వినగానే పెట్టేస్తాడు. అప్పుడు ఫోను లాక్కోకుండా, "అయితే మనం ఎన్ని గంటలకు బయలుదేరాలి?" అని మాత్రం అడగండి. చెప్పలేక వాడే మళ్లీ ఫోను చేసి, ఈసారి "చంద్రగిరి దాటినావా?" అంటాడు. తిరుపతికి కాస్త ముందొచ్చే ఊరది. ఏమి అడగాలో ముందే ఆలోచించుకోవడం వాడికి అక్కడ మొదలవుతుంది.

తరువాత దర్జీకి, గ్యాస్ ఏజెన్సీకి, డాక్టరు అపాయింట్‌మెంటుకు ఫోను చేయించండి. తన పేరు, కావలసిన పని చెప్పి, అవతలివారు చెప్పిన రోజును, సమయాన్ని తిరిగి పలికి సరిచూసుకుంటే చాలు. మన వైపు అవతలివారు తమిళం కలిపి మాట్లాడడం కొత్త కాదు కనుక, "ఇంకోసారి చెప్తారా అండీ" అని అడగడం తప్పు కాదని కూడా చెప్పాలి.

మెసేజీలనూ వదిలేయకూడదు. ఉపాధ్యాయుడికి "సార్ నోట్స్" అని పంపే పిల్లవాడి చేత, "నమస్తే సార్, జ్వరం వల్ల నిన్న రాలేకపోయాను, నోట్స్ ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్పగలరా?" అని రాయించండి. వాట్సాప్‌లో పంపినదాన్ని 15 నిమిషాలలోపు సవరించవచ్చు, కానీ ఈలోపు ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి ఉంటే ఆ సవరణతో లాభం లేదు. గ్రూపులో మాటామాటా పెరిగితే టైపు చేయడం ఆపి, ఆ స్నేహితుడికే నేరుగా ఫోను చేయమనండి. గొంతు వినబడితే సగం కోపం దిగిపోతుంది. ఎవరైనా బెదిరిస్తే మాత్రం జవాబివ్వకుండా, ఆ మెసేజీని చెరపకుండా పెద్దలకు చూపించాలి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది.

ఇక మన సంగతి. మేడ మీద ఉన్న కొడుకును అన్నానికి వాట్సాప్‌లో పిలిచే అలవాటు మనకుంటే, ముందు దాన్ని మానుకోవాలి. మెట్ల దగ్గర నిలబడి పిలిస్తే, "వస్తా ఉండా" అనడానికైనా వాడు నోరు తెరుస్తాడు.