తాత లడాయికి పోయిండట! రికార్డుల్లో ఎలా వెతకాలి?

"మా తాత జర్మనీ లడాయికి పోయిండు." వరంగల్, కరీంనగర్ పల్లెల్లో ఈ మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఏ దేశం పోయిండు, ఏ పటాలం అని అడిగితే మాత్రం అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మనవాళ్లు అప్పుడు నైజాం ప్రజలు. తాత చేరింది నిజాం ఫౌజులోనా, ఇంగ్లీషువాళ్ల సైన్యంలోనా అన్నది ముందు తేల్చుకోండి. కాగితాలు ఎక్కడ దొరుకుతాయన్నది దాన్నిబట్టే ఉంటుంది.

మొదట ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. సంవత్సరం చెప్పలేకపోతే "పోలీస్ యాక్షన్ నాటికి తాతకు ఎన్నేళ్లు?" అనండి. అంటే భారత సైన్యం వచ్చి హైదరాబాద్ రాజ్యాన్ని దేశంలో కలిపిన 1948 సెప్టెంబర్. అప్పటికి ముప్పై లోపు వాడైతే ఆయన చూసింది రెండో ప్రపంచ యుద్ధమే, ఊళ్లో దాన్ని ఏ లడాయి అన్నా సరే.

తర్వాత ట్రంకు పెట్టె తెరవండి. డిశ్చార్జి కాగితం ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే తమ్గా, అంటే పతకం, కోసం చూడండి. రెండో యుద్ధపు నక్షత్రం పతకాల మీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది. బర్మా స్టార్ అని ఉంటే బర్మా వైపు, ఆఫ్రికా స్టార్ అయితే ఉత్తర ఆఫ్రికా వైపు, పసిఫిక్ స్టార్ అయితే చాలావరకు మలయా (ఇప్పటి మలేషియాలోది), సింగపూర్ వైపు. మన సైనికులకిచ్చిన చాలా పతకాల అంచు మీదో వెనకవైపో నంబరు, పేరు, యూనిట్ సన్నగా చెక్కి ఉంటాయి. ఫోన్ లైటు ఏటవాలుగా వేసి ఫొటో తీయండి. దయచేసి చింతపండుతో తోమకండి. మా ఇంట్లో ఒకటి అలాగే తళతళా మెరిసింది, అక్షరాలు మాత్రం పోయాయి.

యూనిట్ పేరు దగ్గర చాలామంది బోల్తా పడతారు. '19వ హైదరాబాద్ రెజిమెంట్' నిజాందని అనుకుంటారు. కాదు, అది బ్రిటిష్ ఇండియా సైన్యంలోది. 1945లో కుమావూన్ రెజిమెంట్ అయింది, ఇప్పుడు దాని కేంద్రం రాణీఖేత్. నిజాం దళాలు వేరు. మొదటి యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్స్ అనే గుర్రపు దళం వాళ్లు ఈజిప్టు, పాలస్తీనాల్లో ఉన్నారు. ఢిల్లీ తీన్ మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లకు గుర్తు. రెండో యుద్ధంలో ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ మలయాలోని కోటా బారు విమానాశ్రయానికి కాపలా కాసింది. 1941 డిసెంబర్‌లో జపాన్ దిగింది అక్కడే. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయాక వేలమంది భారత సైనికులు ఖైదీలయ్యారు. "తాత జపానోళ్లకు దొరికిండు" అని ఇంట్లో అంటే ఈ దారి పట్టండి.

తిరిగి రానివారి కోసం కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకవచ్చు, ఉచితం. ప్రాణాలతో వచ్చినవారు అందులో ఉండరు. మల్లయ్య పేరును ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాసి చూడండి. ఇంటిపేరుతో వెతికితే తరచుగా ఏమీ రాదు.

బ్రిటిష్ సైన్యం అయితే జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) వారి అభిలేఖ్ పటల్ పోర్టల్ చూడండి. నిజాం ఫౌజు అయితే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. అక్కడి నైజాం కాగితాలు ఎక్కువగా ఉర్దూ, పారసీల్లో ఉంటాయి. ఉర్దూ చదివే మిత్రుణ్ని వెంట తీసుకెళ్లండి, చాయ్ ఖర్చు మీదే. తేదీలు ఫస్లీలో, అంటే నైజాం సర్కారు వాడిన సంవత్సర లెక్కలో ఉంటే 590 కలపండి: 1351 ఫస్లీ అంటే 1941 అక్టోబర్ నుంచి మొదలయ్యే ఏడాది.

ఎక్కడ దరఖాస్తు పెట్టినా తండ్రి పేరు, ఊరు, పాత తాలూకా, అప్పటి జిల్లా రాయండి. ఇప్పటి జిల్లా పేరు రాస్తే లాభం లేదు. 1953కు ముందు ఖమ్మం వరంగల్ జిల్లాలో, జనగామ నల్లగొండ జిల్లాలో ఉండేవి.