రెడీమేడ్ సూటు: ముందు భుజం చూడండి, తర్వాతే బ్రాండు

షోరూమ్‌లో హ్యాంగర్‌కి వేలాడే సూటు సగం కుట్టిన సూటే. మిగతా సగం మీ ఒంటి మీద చూసి ఆల్టరేషన్ టైలర్ పూర్తిచేయాలి. అందుకే షాపులో తేల్చుకోవాల్సింది ఒకటే: టైలర్ చేతుల్లో లేనివి ఈ సూటులో సరిగ్గా ఉన్నాయా? అవి బాగుంటే తీసుకోండి, లేకపోతే ఎంత డిస్కౌంట్ ఇచ్చినా వదిలేయండి. రేమండ్, లూయీ ఫిలిప్, వాన్ హ్యూసెన్, పీటర్ ఇంగ్లండ్, బ్లాక్‌బెర్రీస్‌లలో దేని 40 సైజు దానిదే. ఒకే బ్రాండులో కూడా స్లిమ్ ఫిట్ 40 పట్టకపోయినా రెగ్యులర్ ఫిట్ 40 చక్కగా కూర్చోవచ్చు. సైజు నంబరు ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో చెబుతుంది, అంతే.

బయల్దేరే ముందు

టేపు చంకల కింద నుంచి, ఛాతీ అన్నిటికన్నా వెడల్పుగా ఉన్న చోట చుట్టూ తిప్పండి. ఊపిరి బిగబట్టొద్దు. టేపు లోపల ఒక వేలు దూరేలా ఉంచండి. 39 వస్తే 40 తొడిగి చూడాలి, 40న్నర వస్తే 40, 42 రెండూ తొడగాలి. ఇండియా, అమెరికా, బ్రిటన్ సైజులు ఛాతీ అంగుళాల్లో ఉంటాయి. యూరప్ సైజుకి దానికి 10 కలపాలి, అంటే మన 40 వాళ్లకి 50. అమెరికాలో కొనేవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది: నంబరు పక్కన ఎస్ (షార్ట్), ఆర్ (రెగ్యులర్), ఎల్ (లాంగ్) అని ఎత్తుని బట్టి కోటు పొడవు మారుతుంది. 5 అడుగుల 7 అంగుళాల లోపు వాళ్లు ‘ఎస్’తో మొదలుపెట్టాలి.

నడుము కొలతకి జీన్స్ సైజు నమ్మొద్దు. జీన్స్ పొట్ట కిందికి జారి నిలబడుతుంది, సూటు ప్యాంటు అంతకన్నా పైన, బొడ్డుకి కాస్త కిందుగా ఉంటుంది. అక్కడ కొలవండి.

సెట్టుగా అమ్మే సూటులో ఛాతీకీ నడుముకీ సాధారణంగా ఆరంగుళాల తేడా పెడతారు. 40 కోటుకి 34 ప్యాంటు వస్తుంది. ముప్పై అయిదేళ్లు దాటిన మన మగవాళ్లలో చాలామందికి ఛాతీ 40 ఉంటే నడుము 37 ఉంటుంది, ఆ సెట్టు వాళ్లకి పట్టదు. పొట్ట కోసం ఒక సైజు పెద్ద కోటు తీసుకోవడం ఇక్కడే జరిగే పొరపాటు. అప్పుడు పొట్ట పడుతుంది గానీ భుజాలు జారిపోతాయి. కోటూ ప్యాంటూ విడివిడిగా అమ్మే చోటికి వెళ్లండి. రెండిటి ట్యాగు మీదా ఒకే గుడ్డ కోడ్ ఉందో లేదో చూసి, ఒకేసారి కొనండి, బయట పగటి వెలుతురులో రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే నేవీ బ్లూ అయినా వేర్వేరు లాట్లలో రంగు కొద్దిగా మారుతుంది. ట్యూబ్‌లైటు కింద కనపడని ఆ తేడా ఎండలో తెలిసిపోతుంది.

షాపుకి ఫుల్ హ్యాండ్స్ చొక్కా, సూటు మీద వేసుకోబోయే బూట్లతో వెళ్లాలి. చెప్పులతో, టీషర్టుతో వెళ్తే చేతి పొడవూ ప్యాంటు పొడవూ రెండూ తప్పుగా తేలతాయి. పర్సూ ఫోనూ జేబులో పెట్టుకునే అలవాటుంటే ట్రయల్ అప్పుడు కూడా పెట్టుకోండి.

భుజం, మెడ

కోటు తొడిగి, చేతులు మామూలుగా వదిలేసి నిలబడండి. భుజం కుట్టు మీ భుజం ఎముక చివర ఆగాలి. అది దాటి బయటికి పోతే చేయి మొదట్లో, కుట్టు కిందుగా, చిన్న గుంట పడుతుంది. లైటు పక్క నుంచి పడేలా నిలబడితే ఆ గుంట నీడలా కనిపిస్తుంది. భుజం ఇరుకైతే దీనికి తలకిందులు: మీ చేయి కండ స్లీవ్‌ని బయటికి తోసి ఉబ్బెత్తుగా చూపిస్తుంది. అనుమానంగా ఉంటే గోడకి పక్కగా ఆనుకుంటూ జరగండి. మీ చేయి తగలకముందే కోటు భుజం గోడకి తగిలిందంటే సైజు పెద్దది.

సేల్స్‌మన్ “భుజం కొంచెం లోపలికి తీయిస్తాం సార్” అంటే ఒప్పుకోకండి. భుజం మార్చాలంటే చేయి మొత్తం ఊడదీసి, లోపలి ప్యాడు తీసి, మళ్లీ కుట్టాలి. ఖర్చు ఎక్కువ, ఫలితం అనుమానం. ఇంకో సైజు అడగడమే మేలు.

తర్వాత వెనక్కి తిరిగి ఫోన్‌తో ఫొటో తీయించుకోండి, అద్దంలో మెడ వెనక కనపడదు. కోటు కాలరు చొక్కా కాలరుకి అంటిపెట్టుకుని ఉండాలి, దాని పైన చొక్కా కాలరు అరంగుళం కనిపించాలి. వేలు దూరేంత సందు ఉంటే ఆ కోటు మీ నిలబడే తీరుకి కుదరలేదు. వంగి నడిచేవాళ్లకి, కంప్యూటర్ ముందు మెడ ముందుకి సాగినవాళ్లకి ఇది తరచూ వస్తుంది. బ్రాండు మారిస్తే పోవచ్చు. కాలరు కింద అడ్డంగా ఒక మడత పడితే అది వేరే సంగతి: మీ భుజాలు కోటు అనుకున్నదానికన్నా ఎత్తుగా ఉన్నాయి. మంచి టైలర్ కాలరు కొద్దిగా దించి సరిచేయగలడు, కానీ ఆ పని అందరికీ రాదు.

చంక సంగతి ఎవరూ చూడరు, చూడాలి. గుండీ పెట్టుకుని చేతులు ముందుకి చాచండి, పైకెత్తండి. చంక గుంట పైకి, ఒంటికి దగ్గరగా ఉన్న కోటు కదలకుండా ఉంటుంది. కిందికి దిగి వదులుగా ఉన్నది చేయెత్తగానే కోటంతటినీ పైకి లాగేస్తుంది. రిసెప్షన్‌లో రెండు గంటలపాటు చేతులు కలుపుతూ, దండలు అందుకుంటూ నిలబడేవాడికి ఈ తేడా బాగా తెలుస్తుంది. దీన్నీ తర్వాత మార్చలేం.

ఛాతీ, నడుము, పొడవు

రెండు గుండీల కోటులో పైది మాత్రమే పెట్టుకోవాలి, కిందది ఎప్పుడూ వదిలేయాలి. ఆ ఒక్క గుండీ పెట్టాక దాని చుట్టూ ఇంటూ గుర్తులా ముడతలు లాగితే బిగుతు. లోపల అరచేయి చదునుగా దూరితే సరిపోయింది, పిడికిలి తిరుగుతుంటే వదులు. కాస్త వదులు ఉన్నా పర్వాలేదు, నడుము దగ్గర తగ్గించడం తేలిక. వెనక చీలికలు నిలబడ్డప్పుడు మూసుకుని ఉండాలి. తెరుచుకుని పిరుదులు కనిపిస్తే తుంటి దగ్గర గుడ్డ చాల్లేదు.

పొడవు పిరుదులు కప్పేంత ఉండాలి. ఈమధ్య పొట్టి కోట్లు చాలా వచ్చాయి, పొడుగ్గా కనిపిస్తామన్న ఆశతో కొంటారు. పొట్ట ఉన్నవాళ్లకి అవి అస్సలు నప్పవు. పొడవు తగ్గించాలంటే అంగుళం దాకా ఫరవాలేదు. ఇంకా తగ్గిస్తే కింది జేబులు అంచుకి దగ్గరైపోయి కోటు తుంచేసినట్టు ఉంటుంది.

చేతులు మణికట్టు ఎముక దగ్గర ఆగాలి, చొక్కా పావు నుంచి అరంగుళం బయటికి కనపడాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్లీవ్ చివరి గుండీలకి నిజమైన కాజాలు కోసి ఉంటే ఆ చేతిని కింద నుంచి పొట్టి చేయడం కుదరదు, భుజం దగ్గర విప్పి చేయాలి. రెడీమేడ్‌లో గుండీలు ఉత్త అలంకారానికి కుట్టి ఉండటమే మంచిది.

లాపెల్, అంటే కోటు ముందు ఛాతీ మీదికి మడిచిన పట్టీ, మూడు నుంచి మూడున్నర అంగుళాల వెడల్పుంటే ఏ పదేళ్ల తర్వాత ఫొటో చూసినా వింతగా ఉండదు. రెండంగుళాల సన్నపట్టీలవి ఇప్పటికే పాతబడ్డాయి.

గుడ్డ

లోపలి జేబు దగ్గరున్న చిన్న లేబుల్ చదవండి. పాలియెస్టర్ విస్కోస్ అని ఉంటే అది టీఆర్ గుడ్డ: చవక, ముడత తక్కువ, గాలి ఆడదు, చమట వాసన పట్టేస్తుంది. పాలియెస్టర్‌లో ఊలు కలిసినది టెర్రీ ఊల్. ఊలు ఎంత శాతమో అక్కడే ఉంటుంది. ఏడాదికి నాలుగైదుసార్లు వేసుకునేవాడికి టెర్రీ ఊల్ చాలు. ‘సూపర్ 100స్’, ‘సూపర్ 120స్’ అన్నవి ఊలు పోగు ఎంత సన్ననో చెప్పే అంకెలు. 100స్ అంటే 18.75 మైక్రాన్లు, 120స్ అంటే 17.75. నంబరు పెరిగేకొద్దీ గుడ్డ మెత్తగా ఉంటుంది, తొందరగా అరిగిపోతుంది కూడా. రోజూ ఆఫీసుకి వేసేవాళ్లకి 100 నుంచి 120 చాలు, 150 మీద డబ్బు పోయనక్కర్లేదు.

స్లీవ్ కొసని పిడికిట్లో పది సెకన్లు నలిపి వదలండి. ఊలు ఎక్కువున్న గుడ్డ చాలావరకు తిరిగి సర్దుకుంటుంది. సూటు లోపల నిండా పాలియెస్టర్ లైనింగ్ ఉంటే పైన ఎంత పల్చటి ఊలున్నా మే నెలలో విజయవాడలో ఉడికిపోవడమే. వీపు సగం దాకానే లైనింగ్ వేసినవి అడగండి, చాలా షోరూముల్లో ఉంటాయి కానీ ముందు వాటిని తీసి చూపించరు.

కోటు ముందు భాగం నిలబడేది లోపలున్న బక్రం అనే బిరుసు గుడ్డ వల్ల. మామూలు రేటు సూట్లలో దాన్ని జిగురుతో, వేడితో అతికిస్తారు. దాన్నే ఫ్యూజింగ్ అంటారు. కింది కాజాకి దిగువన పైగుడ్డనీ లోపలి గుడ్డనీ వేళ్లతో పట్టి విడదీసి చూస్తే, మధ్యలో మూడో పొర విడిగా కదులుతుంటే అది కాన్వాస్ వేసినది, రేటు ఎక్కువ. కదలకపోతే అతికించినది. అతికించినదైనా చెడ్డదేమీ కాదు, వేడి తగలకుండా చూసుకోవాలి. బొగ్గుల ఇస్త్రీపెట్టె నేరుగా పెడితే జిగురు ఊడి, ఛాతీ మీదా లాపెల్ మీదా వాన పడ్డ గోడలా బుడగలు లేస్తాయి. ఆ బుడగలు మళ్లీ కూర్చోవు. సేల్‌లో కొంటుంటే లాపెల్ మీద అరచేయి రాసి, అప్పటికే బుడగలున్నాయేమో తడిమి చూడండి.

రంగు విషయంలో ఒక్కటే సూటు కొనేట్టయితే నేవీ, లేదా చార్‌కోల్ గ్రే. ఇంటర్వ్యూకీ రిసెప్షన్‌కీ రెండిటికీ నడుస్తుంది. నల్లది స్టేజి లైట్ల కింద ఫొటోలో మడతలన్నీ కలిసిపోయి ముద్దలా పడుతుంది. పెళ్లికొడుకు మెరుపులది వేసుకోవాలనుకుంటే అద్దెకి తెచ్చుకోవడమే తెలివైన పని. పెళ్లికూతురి చీరకి టై రంగు కలపాలంటే ఫోన్‌లో ఫొటో పనికిరాదు, జాకెట్టు కుట్టగా మిగిలిన ముక్క తీసుకెళ్లండి.

ఆల్టరేషన్

సూటుకి పెట్టే డబ్బులో పదో వంతు దీనికి పక్కన పెట్టండి. ప్యాంటు పొడవు చాలా షోరూములు ఉచితంగా చేస్తాయి, కోటు నడుముకీ చేతులకీ ఎంతో బిల్లు వేయకముందే అడగండి. ఆ తర్వాత బేరానికి మీకు పట్టు ఉండదు.

కోటు నడుము ఒకటి, ఒకటిన్నర అంగుళం లోపలికి తీయొచ్చు. వదలాలంటే లోపల గుడ్డ ఎంత మిగిల్చారో దాన్నిబట్టి, మామూలుగా అరంగుళం వస్తుంది. ప్యాంటు నడుము రెండంగుళాల దాకా తగ్గుతుంది. అంతకు మించితే వెనక జేబులు రెండూ ఒకదానికొకటి దగ్గరైపోతాయి. ప్యాంటు అంచు బూటు మీద ఒక చిన్న మడత పడేలా, లేదా తగిలీ తగలనట్టు ఆగాలి. మడతల మీద మడతలు పడితే మంచి సూటు కూడా అరువు తెచ్చుకున్నట్టుంటుంది. అంచు లోపల రెండంగుళాల గుడ్డ మడిచి ఉంచమని చెప్పండి, కోసేయనివ్వొద్దు. బాటమ్, అంటే కాలి అంచు చుట్టుకొలత, 14, 15 అంగుళాలు చాలామందికి సరిపోతుంది. తొడ లావుగా ఉంటే 13 అడక్కండి.

కొలతలు సుద్దతో గీసి సరిపెట్టకుండా గుండుసూదులు పెట్టించండి. ఏమేం చేయాలో బిల్లు వెనక రాయించండి. తీసుకోవడానికి వెళ్లినప్పుడు కవరులో పెట్టించుకుని వచ్చేయకుండా అక్కడే మళ్లీ తొడిగి చూడండి. ముహూర్తాల రోజుల్లో రెండు వారాల గడువు పెట్టుకోవాలి. ఆషాఢంలో కొంటే రేటూ తగ్గుతుంది, పెళ్లిళ్లు ఉండవు కాబట్టి టైలరూ తీరిగ్గా ఉంటాడు. అయితే 38, 40, 42 సైజులు ముందే అయిపోతాయి కాబట్టి డిస్కౌంట్ పెట్టిన మొదటి వారంలోనే వెళ్లాలి.

వేసుకునే ముందు

వెనక చీలికల మీద ఇంటూ ఆకారంలో తెల్ల దారం కుట్టు ఉంటుంది, దాన్ని కత్తిరించి తీసేయాలి. ఎడమ చేతి స్లీవ్ మీద బ్రాండు పేరున్న గుడ్డ ముక్క ఉంటే అదీ విప్పేయాలి. అది షాపువాడి గుర్తు, మీ హోదా కాదు. ఏ ఫంక్షన్ హాల్‌కి వెళ్లినా ఇద్దరైనా దానితో కనిపిస్తారు. జేబులు కుట్టేసి ఉంటే ఛాతీ జేబూ లోపలివీ విప్పండి, కింది జేబుల్ని అలాగే ఉంచితే కోటు సాగకుండా ఉంటుంది.

ఇంటికొచ్చాక వెడల్పాటి చెక్క హ్యాంగర్‌కి తగిలించి, గుడ్డ కవరు వేయండి. ప్లాస్టిక్ కవరులో వానాకాలం బూజు పడుతుంది. ఇస్త్రీ చేయాలంటే పైన తడిగుడ్డ వేసి చేయాలి. డ్రై క్లీనింగ్ ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు, ఇచ్చినప్పుడు కోటూ ప్యాంటూ కలిపే ఇవ్వండి, లేకపోతే ఒకటి వెలిసి ఒకటి వెలవక రంగు తేడా వస్తుంది. ఎంత జాగ్రత్తగా వాడినా ముందు పోయేది ప్యాంటే, తొడల మధ్య అరిగిపోతుంది. విడివిడిగా అమ్మే చోట అదే కోడ్‌లో రెండో ప్యాంటు అదే రోజు తీసేసుకోండి. ఆర్నెల్ల తర్వాత వెళ్లి అడిగితే ఆ గుడ్డ వాళ్ల దగ్గర ఉండదు.