డబుల్ డెక్కర్ బస్సుకి అడుగుకో బొడిపె

లెగో ఇటుకలతో లండన్ రూట్‌మాస్టర్ బస్సు కడుతున్నారా? కొలతలకి టెన్షన్ వద్దు, అడుగుకి ఒక బొడిపె (ఇటుక పైన ఉండే గుండ్రటి గుబ్బ) చొప్పున లెక్కేయండి. అసలు బస్సు వెడల్పు 8 అడుగులు, పొడవు సుమారు ఇరవై ఏడున్నర. అంటే వెడల్పు 8 బొడిపెలు, పొడవు 28.

ఎత్తు దగ్గరే చాలామంది పొరబడతారు. బస్సు ఎత్తు 14 అడుగుల పైచిలుకు కదా అని 14 ఇటుకలు పేర్చకండి. బొడిపెల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6. కాబట్టి చక్రాలతో కలిపి 12 వరుసలు చాలు. లేకపోతే బస్సు కాస్తా గోపురంలా లేస్తుంది!

కింది అంతస్తు గోడల మీద బొడిపెలు లేని నున్నటి లెగో టైల్స్ పరిచి, మూలల్లో మాత్రం బొడిపెలు వదలండి. పై అంతస్తు మూతలా తేలిగ్గా ఊడొస్తుంది, లోపల సీట్లు చూపించొచ్చు.