సైరన్ల మధ్య చదువు: విద్యార్థి మనసును కాపాడుకోవడం ఎలా?

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై రష్యా పూర్తిస్థాయి దాడి మొదలయ్యాక అక్కడి ఖార్కివ్ నగరంలో మెట్రో స్టేషన్లే ఎందరికో తలదాచుకునే చోట్లయ్యాయి. రాత్రంతా సైరన్లు విని పొద్దున్నే పాఠానికి కూర్చునే విద్యార్థికి మతిమరుపు, చిరాకు, చిన్న చప్పుడుకే ఉలికిపాటు కలగడం బలహీనత కాదు. అది ప్రమాదంలో ఉన్న శరీరపు సహజ స్పందన.

అన్నిటికంటే ముందు నిద్రను చూసుకోవాలి. రాత్రి తెగిన నిద్రను పగటి కునుకుతో కొంతైనా పూడ్చుకోవాలి, వార్తలు చూడడాన్ని రోజుకు రెండు వేళలకే పరిమితం చేయాలి. దాడి హెచ్చరికల యాప్‌ను మాత్రం ఎన్నడూ ఆపకూడదు. నీళ్ల సీసా, టార్చి, పవర్ బ్యాంకు, మందులు, పాస్‌పోర్టు ఉన్న సంచి తలుపు పక్కనే ఉంటే, చేతులు వణుకుతున్నా వెతుకులాట ఉండదు. షెల్టర్‌లో గుండె దడదడలాడినప్పుడు రెండు పాదాలనూ నేలకు గట్టిగా ఆనించి, పీల్చినదానికంటే నిదానంగా ఊపిరి వదులుతూ, ఎదుట కనిపించే ఐదు వస్తువుల పేర్లు మెల్లగా పలకాలి.

చదువును చిన్న చిన్న భాగాలుగా విడగొట్టుకోవాలి. అధ్యాపకులు గడువు పెంచడం దయ కాదు, అవసరమని నా నమ్మకం.

పీడకలలు నెల దాటినా తగ్గకపోయినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా ఆలస్యం చేయకూడదు. ఉక్రెయిన్‌లో ఉన్నవారు మానసిక సహాయం అందించే లైఫ్‌లైన్ ఉక్రెయిన్ 7333కు, భారత ప్రభుత్వం ఉక్రెయిన్ నుంచి తరలించిన ఆపరేషన్ గంగలో తిరిగొచ్చిన మన వైద్య విద్యార్థులు మన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు.