తేనె, సిరప్ లేనప్పుడు బదులుగా ఏం వాడాలి? ఎలా వాడాలి?

రెసిపీలో మాపుల్ సిరప్ (మాపుల్ చెట్టు రసం కాచింది) అనో కార్న్ సిరప్ (మొక్కజొన్న పిండి నుంచి తీసింది) అనో ఉంటుంది, ఇంట్లో అది ఉండదు, వెంటనే తేనె సీసా తీసి అదే కొలతకి పోసేస్తారు. తీరా కేకు పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటే ఓవెన్ బాలేదంటారు. ఓవెన్ బాగానే ఉంటుంది, తేడా వచ్చింది సిరప్ దగ్గర. ఇది మళ్లీ మళ్లీ చూస్తున్నాను కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను.

సిరప్‌ని తీపి కోసమే వేస్తారనుకుంటే సగం విషయం వదిలేసినట్టే. అది పిండికి తేమ ఇస్తుంది, రంగు తెస్తుంది, కొన్నింట్లో పంచదార మళ్లీ పలుకులు కట్టకుండా ఆపుతుంది. మీ రెసిపీలో అది ఏ పని కోసం ఉందో ముందు తేల్చుకోండి, బదులు సంగతి తర్వాత.

సాస్, సలాడ్ డ్రెస్సింగ్, చల్లటి పానీయం లాంటివైతే ఆలోచించక్కర్లేదు. ఏదైనా పొయ్యండి, రుచి చూస్తూ కలపండి. అగావే అనే మొక్క రసంతో చేసే అగావే సిరప్ పంచదార కంటే తియ్యగా ఉంటుంది, తక్కువతో మొదలుపెట్టండి. కార్న్ సిరప్‌కి తీపి తక్కువ, దాని బదులు ఏది వేసినా కొంచెం తగ్గించుకోండి.

బేకింగ్‌కి తూకం కావాలి. కప్పులతో కొలిస్తే సగం సిరప్ కప్పుకే అంటుకుని ఉండిపోతుంది, గిన్నెని స్కేల్ మీద పెట్టి నేరుగా అందులోకే పొయ్యండి. కప్పు తేనె దాదాపు 340 గ్రాములు, కప్పు మాపుల్ సిరప్ దాదాపు 320. తేనెలో నీళ్లు 17, 18 శాతం ఉంటే మాపుల్ సిరప్‌లో 33 శాతం దాకా ఉంటాయి. అంటే కప్పు తేనె బదులు కప్పు మాపుల్ వేస్తే పిండిలోకి మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు అదనంగా వెళ్తాయి, పాలో నీళ్లో అంతమేర తగ్గించాలి. గోల్డెన్ సిరప్ (పంచదార నుంచి చేసే బంగారు రంగు పాకం), తేనె మాత్రం ఒకదాని బదులు ఒకటి సమానంగా వాడుకోవచ్చు. ఏ సిరప్పూ లేకపోతే కప్పు తేనెకి ఒకటింబావు కప్పు పంచదార, పావు కప్పు నీళ్లు. అదే పంచదార బదులు తేనె వాడాలంటే కప్పుకి ముప్పావు కప్పు చాలు, మిగతా ద్రవాలు మూడు నాలుగు టేబుల్ స్పూన్లు తగ్గించండి.

తేనెకి పులుపు గుణం ఉంది, పీహెచ్ దాదాపు 4. మొలాసిస్, అంటే పంచదార తీశాక మిగిలే నల్లటి చిక్కటి పాకం, అది కూడా కొంత ఆమ్లమే. వాటిని నమ్ముకుని రెసిపీలో బేకింగ్ సోడా వేసి ఉంటే, మీరు మాపుల్ సిరప్‌కో పంచదారకో మారినప్పుడు ఆ సోడాని పొంగించే పులుపు ఉండదు, కేకు సబ్బు రుచి వస్తుంది. రెసిపీలో పెరుగో మజ్జిగో కూడా లేకపోతే ప్రతి పావు టీ స్పూను సోడా తీసేసి ఒక టీ స్పూను బేకింగ్ పౌడర్ వేయండి. పంచదార నుంచి తేనెకి వెళ్తుంటే దానికి ఎదురు: కప్పు తేనెకి పావు టీ స్పూను సోడా చేర్చండి, ఓవెన్ వేడి ఓ 15 డిగ్రీలు తగ్గించండి. తేనెలో ఫ్రక్టోజ్, గ్లూకోజ్ విడివిడిగా ఉంటాయి, అవి మామూలు పంచదార కంటే తొందరగా ఎర్రబడతాయి. ఆ ఫ్రక్టోజే గాలిలోని తేమని లాక్కుంటుంది, అందుకే తేనె వేసిన కేకు రోజుల తరబడి మెత్తగా ఉంటుంది, బిస్కెట్లు మాత్రం మర్నాటికి సాగుతాయి. కరకరలాడాలంటే పంచదారే వాడండి, దీనికి మినహాయింపు లేదు.

కప్పు మొలాసిస్ బదులు ముదురు బ్రౌన్ షుగర్ ముప్పావు కప్పు, నీళ్లు పావు కప్పు. తేనె బదులు మొలాసిస్ మాత్రం పూర్తిగా పోయకండి, చేదు పైకి వచ్చేస్తుంది. షుగర్ ఫ్రీ సిరప్‌లు కాఫీలోకి సరే, కేకులోకి వద్దు. తీపి ఉంటుంది కానీ పంచదార చేసే పనేదీ ఉండదు. ఇంకో మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం: ఏడాది లోపు పిల్లలు తినేదాంట్లో తేనె వద్దే వద్దు, కాల్చినదైనా సరే. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు తేనెలో ఉండొచ్చు, అవి కేకు లోపలి వేడికి చావవు.

ఇక కార్న్ సిరప్. క్యాండీ, కారమెల్, మెరిసే గ్లేజ్ లాంటివాటిల్లో దాన్ని వేసేది పలుకు కట్టకుండా ఉండటానికి. అక్కడ పంచదార నీళ్లు కలిపి పోస్తే ఆ పని జరగదు, ఎందుకంటే పలుకు కట్టేదే పంచదార. తేనె వేస్తే కొంత ఆగుతుంది కానీ అన్నిట్లోనూ తేనె వాసనే. దీనికి నేను ఒప్పుకునే బదులు ఒక్కటే, ఇంట్లో కాచుకునే ఇన్వర్ట్ సిరప్. అరకిలో పంచదార, పావు లీటరు నీళ్లు, ఒక టేబుల్ స్పూను నిమ్మరసం, అడుగు మందంగా ఉన్న గిన్నె. వేడి చేసినప్పుడు నిమ్మరసంలోని ఆమ్లం పంచదారని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది, ఆ రెండూ కలిసి ఉన్నచోట పలుకు సులభంగా కట్టదు. క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పుల్లటి పొడి కూడా పనిచేస్తుందంటారు, పనిచేస్తుంది కూడా, కానీ నిమ్మరసమే వాడండి.

అందరూ పాడుచేసేది ఇక్కడే, కాబట్టి తొందరపడకుండా చదవండి. పంచదార, నీళ్లు, నిమ్మరసం గిన్నెలో వేసి సన్నటి మంట మీద కరిగేదాకా కలపండి. చెంచాతో కొంచెం తీసి వెలుగులో చూస్తే అడుగున ఒక్క గింజ కూడా కనిపించకూడదు. అలా కరిగాకే మరగనివ్వాలి. మరగడం మొదలయ్యాక చెంచా పెట్టకండి. ఒక్కసారి తిప్పితే ఏమవుతుందని తిప్పుతారు, అక్కడే పాకం చెడుతుంది.

ఇప్పుడు గిన్నె గోడలు చూడండి. పాకం ఎగిరి తగిలినచోట నీరు ఆరిపోయి, సన్నటి తెల్లటి గీతలా పంచదార పేరుకుంటుంది. దాంట్లోంచి ఒక్క పలుకు కిందికి జారితే చాలు, దాని చుట్టూ ఇంకోటి, దాని చుట్టూ మరోటి కట్టుకుంటూ పోయి చల్లారేసరికి గిన్నె మొత్తం ఇసక ముద్ద. తడి బ్రష్‌తో ఆ గీత పైనుంచి తుడవండి, నీళ్లు గోడ మీదుగా జారి పలుకుల్ని కరిగిస్తాయి. లేదా మరుగు మొదలవగానే రెండు నిమిషాలు మూత పెట్టండి, ఆవిరే గోడలు కడిగేస్తుంది. నేను మూతే పెడతాను, బ్రష్ వెంట్రుకలు పాకంలో పడటం నాకు నచ్చదు.

తర్వాత మంట బాగా తగ్గించి, చిన్న బుడగలు మాత్రమే వచ్చేలా అరగంట పైనే ఉంచండి. పెద్ద మంట మీద పది నిమిషాల్లో ముగిస్తే చిక్కబడుతుంది నిజమే, కానీ విడిపోవాల్సిన పంచదారకి అంత టైమ్ దొరకదు, రెండు రోజులకి సీసా అడుగున పలుకులు కడతాయి. త్వరగా అయ్యే పద్ధతులు చాలామంది చెబుతారు, నిలవ ఉంటుందా అని అడగండి. సిరప్ లేత బంగారు రంగుకి వచ్చి 110 డిగ్రీలు చూపిస్తే దించేయాలి. థర్మామీటర్‌ని ముందు మరిగే నీళ్లలో పెట్టి చూసుకోండి, అక్కడ 98 చూపిస్తే ఇక్కడ 108కే దించాలి. థర్మామీటర్ లేకపోతే వేళ్ల మధ్య తీగ సాగాలి, చల్లటి నీళ్లలో వేస్తే ఉండ కట్టకూడదు. ఉండ కట్టిందంటే ముదిరింది. చూసేటప్పుడు చుక్కని చల్లారనివ్వండి, వేడి పాకం చర్మానికి అంటుకుని వదలదు, కాలితే తీవ్రంగా కాలుతుంది.

వేడి మీద ఇది పల్చగానే కనిపిస్తుంది. ఇంకాస్త కాద్దాం అనిపిస్తుంది, కాయకండి, చల్లారాక తేనె చిక్కదనం దానంతటదే వస్తుంది. ఒకవేళ ముదిరితే రెండు చెంచాల వేడి నీళ్లు పోసి సన్నమంట మీద మళ్లీ కరిగించండి, పారబోయక్కర్లేదు. పూర్తిగా ఆరిన గాజు సీసాలోకి, గోకకుండా, గిన్నె అంచున ఏమైనా అంటుకుని ఉంటే దాన్ని గిన్నెకే వదిలేసి పొయ్యండి. కార్న్ సిరప్ ఎన్ని గ్రాములుంటే ఇదీ అన్నే గ్రాములు, రెసిపీలో మిగతా పంచదార మాత్రం ఒకటి రెండు చెంచాలు తగ్గించుకోండి.