హార్మోన్ లూప్ వేయించుకున్నాక నెలసరిని ఎలా గమనించాలి

గుంటూరులో నర్సుగా నాకు తరచూ వచ్చే ఫోను ఇదే: "అక్కా, లూప్ వేయించుకున్నాక మరకలు ఆగడం లేదు, తీయించేయనా?" తొందరపడకండి. హార్మోన్ లూప్ అంటే గర్భం రాకుండా గర్భాశయంలో అమర్చే చిన్న సాధనం. అందులోని లెవోనోర్జెస్ట్రెల్ హార్మోన్ గర్భాశయం లోపలి పొరను పలుచన చేస్తుంది. మొదటి 3 నుంచి 6 నెలలు వేళాపాళా లేని మరకలు మామూలే.

వంటింటి క్యాలెండర్‌లో, పాల లెక్క పక్కనే, మరకైతే చుక్క, ధారాళమైతే గీత పెట్టండి. డాక్టరుకు నోటిమాట కన్నా ఆ కాగితమే పనికొస్తుంది. క్రమంగా రక్తస్రావం తగ్గుతుంది, కొందరికి పూర్తిగా ఆగుతుంది. "చెడు రక్తం లోపలే పేరుకుపోతుంది" అని అత్తగారు బెంగపడితే అడగండి: పొరే పెరగనప్పుడు పేరుకోవడానికి ఏముంది? హార్మోన్ లేని రాగి లూప్, అంటే కాపర్-టీ సంగతి వేరు, దానితో రక్తస్రావం పెరగవచ్చు.

గంటకో ప్యాడ్ తడిసినా, జ్వరం, దుర్వాసన, తీవ్రమైన కడుపునొప్పి ఉన్నా, గర్భం అనుమానమున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.